తాళం వేశారా

ఫిబ్రవరి 9
బస్టాండు ఎదురు లాడ్జి, పై అంతస్తు

చిరంజీవి మరదలికి,

బావ ఆశీస్సులు. నేను బతికే ఉన్నాను. నువ్వు ఫోన్‌లో "ఎలా ఉన్నావు బావా" అని అరిచిన సంగతి మాత్రం అర్థమైంది, మిగతాది వినపడలేదు. ఇన్నేళ్ళు లిఫ్టు మోటార్ల పక్కన నిలబడి రిపోర్టులు రాసిన చెవులు ఇవి. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి సరిపెట్టుకుంటాను. ఫోనుకు పెదాలుండవు. నువ్వు పంపే మెసేజీల్లో బొమ్మలుంటాయట, నా డబ్బా ఫోన్‌లో అవి ఖాళీ డబ్బాల్లాగే కనిపిస్తాయి. కాబట్టి ఇకనుంచి కాగితం మీద రాయి. ఈ లాడ్జిలో వచ్చే నెలదాకా ఉంటాను.

ఎలా ఉన్నానని కదా అడిగావు. అసహ్యంగా ఉన్నాను. ఈ గదిలో దిండు మీద నాకంటే ముందు పడుకున్నవాడి తలనూనె మరక ఉంది, వాడి తల ఎంత పెద్దదో కూడా చెప్పగలను. బల్ల మీద చెయ్యి పెడితే చెయ్యి మళ్ళీ రావడానికి ఒప్పుకోదు. బక్కెట్టు అడుగున పాచి. ఇవన్నీ నాకు అలవాటే. అలవాటు కానిది ఒకటి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఈ ఏడాది నుంచి మా ఆఫీసువాళ్ళు తనిఖీ రిపోర్టులు కాగితం మీద తీసుకోరట. లిఫ్టు దగ్గరే నిలబడి, అక్కడికక్కడే కంప్యూటర్లో రాసి పంపాలట. రిటైరయ్యే వయసులో నాకు కొత్త కంప్యూటరు ఎందుకని మీ అక్కది బయటికి తీశాను. నాటకాల కంపెనీ వెంట తిరుగుతూ వేషగాళ్ళ కొలతలు రాసుకునేదే, అంగీలకూ గౌన్లకూ బొమ్మలు గీసేదే, ఆ చిన్నది. ఆమె పోయినప్పటి నుంచి అలమరలో పడి ఉంది.

ఎవడు కనిపెట్టాడో గానీ, వాడికి చేతులు కడుక్కునే అలవాటు ఉండి ఉండదు. మూత ముందుకు తెరిస్తే ల్యాప్‌టాప్ అట. అదే మూతను వెనక్కి పూర్తిగా తిప్పితే పలక అట. రెంటికీ చెడ్డ రేవడి. పలకలా పట్టుకుంటే మీటలన్నీ అడుగువైపుకు పోయి నా వేళ్ళకు తగులుతుంటాయి. ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టి పళ్ళు తడుముతున్నట్టు ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుంటే జ్వరమొచ్చిన పిల్లిలా వెచ్చగా ఉండి లోపల ఏదో గురగురమంటుంది. కాస్త పక్కకు ఒరిగితే తెర మీద రాత మొత్తం తలకిందులవుతుంది. నేను నిటారుగా ఉన్నానో లేదో అది నిర్ణయిస్తుంది. గాజు మీద నా వేలిముద్రలు జిడ్డు జిడ్డుగా, వాటి మీద మళ్ళీ లిఫ్టు గ్రీజు.

ఇదంతా భరిస్తాను. భరించలేనిది ఇంకొకటుంది. పలక చేసి తెర మీద అక్షరాలు కొడుతుంటే, నేను మాట పూర్తి చేసేలోగా అది మాట అందిస్తుంది. ఎవరి మాట? మీ అక్క మాట. నాటకాల వాళ్ళ మేకప్పు గదిలో కూర్చుని దీంతోనే కదా నాకు రోజూ మెసేజీలు కొట్టేది. చోటు చాలదని పంపినవి పంపినట్టే తుడిచేసేది. నా ఫోనూ అంతే, నిండితే నేనూ తుడిచేసేవాణ్ణి. మెసేజీలు అక్కడా లేవు, ఇక్కడా లేవు. మాటలు మాత్రం ఈ పలక మింగి కూర్చుంది.

నిన్న నాలుగంతస్తుల మేడలో ఇనప తాడు అరిగిందని రాయబోయాను. "తా" కొట్టగానే పైన "తాళం" అని వచ్చింది. చెయ్యి తగిలింది. పక్కనే "వేశారా" అని వచ్చింది. తాళం వేశారా. పది మంది జనం, మేడ యజమాని నా పక్కన నిలబడి తెరలోకి తొంగి చూస్తున్నాడు. నాకు చెమటలు పట్టాయి. దీనితో ఎలా బతకాలో చెప్పు.

నువ్వు వేళకు తిను.

ఇట్లు,
లిఫ్టు బావ


ఫిబ్రవరి 17
ఆసుపత్రి క్వార్టర్సు

బావా,

నీ ఉత్తరం మూలన టీ మరక ఉంది. ఆ మరకలో ఒక చీమ కూడా ఉంది, పాపం నీతో పాటు ప్రయాణం చేసి ఇక్కడ కన్నుమూసింది. గ్లవుజులు వేసుకుని చదివాను. నవ్వకు, నిజంగానే వేసుకున్నాను, డ్యూటీలో ఉండగా వచ్చింది.

మా విభాగంలో పని ఎక్కువైంది. కొత్త సర్జన్ ఒకాయన వచ్చాడు, రోజంతా కోస్తూనే ఉంటాడు. కత్తెరలూ పట్టకార్లూ ట్రేలకొద్దీ రక్తంతో కిందికి దిగుతాయి. కడిగి, తోమి, ఆవిరి పెట్టెలో పెట్టి, మూట కట్టి పైకి పంపుతాం. నా చేతికి వచ్చిన వస్తువు శుభ్రమైతే తప్ప బయటికి పోదు. ఇది ఉద్యోగం అనుకుంటావేమో, అమ్మ మాకిద్దరికీ ఉగ్గుపాలతో పట్టించిన రోగం. అక్కకు ఇంకా ముదిరింది, అంతే. నువ్వు తిన్న కంచాన్ని నువ్వు కడిగాక ఆమె మళ్ళీ కడిగేది కదా. అలాంటిదాని వస్తువు మీద గ్రీజు పూశానని ఎంత ధైర్యంగా రాశావు బావా.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. అక్క ఆ చిన్నదాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నువ్వేమో పిల్లి అంటావు, పళ్ళు అంటావు, ఛీ అంటావు. చదివితే నాకెలా ఉంటుంది? నచ్చకపోతే ఇంకోటి కొనుక్కో. లేదా మూత ముందుకు తిప్పి, ఉన్న మీటలతోనే కొట్టు. అలా కొడితే అది నోరు మూసుకుని ఉంటుందట, ఒక్క మాటా అందించదట. మా ఆపరేషన్ థియేటర్ నర్సు చెప్పింది. ఇంత చిన్న ఉపాయానికి నాలుగు పేజీల తిట్లు ఎందుకు?

మెత్తటి గుడ్డ ఒకటి ఇందులో పెట్టాను. పొడిగా తుడువు. ఉమ్మి వేసి తుడవకు, నీ సంగతి నాకు తెలుసు.

మోకాలు ఎలా ఉంది? రాయలేదు.

మరదలు


మార్చి 2
అదే లాడ్జి, అదే దిండు

మరదలా,

గుడ్డ అందింది. ఒకసారి తుడిచాను. ఇప్పుడు గుడ్డను రెండు వేళ్ళతోనే పట్టుకుంటున్నాను, తెరనూ అంతే.

ఈ వారమంతా గోతుల్లోనే గడిచింది. లిఫ్టు దిగే చోట అడుగున గొయ్యి ఉంటుంది చూడు, అందులోకి దిగి చూస్తేనే గానీ ఆ మేడ జనం ఎలాంటివాళ్ళో తెలియదు. పైన పాలరాయి, అద్దాలు, పూలకుండీలు. కింద నమిలి ఉమ్మిన బబుల్‌గమ్ము, తల దువ్విన వెంట్రుకల ఉండలు, ఎలక తోక, ఎవరిదో కట్టుడు పన్ను. మొన్న ఒక గొయ్యిలో కుళ్ళిన నీళ్ళు మోకాలిదాకా. ఆ నీళ్ళలో నిలబడి, ఈ పలకను నెత్తిన పెట్టుకుని రాశాను. సంచిలోకీ చంకలోకీ పడుతుందని దీన్ని పొగుడుతారు. నెత్తి మీదకు కూడా పడుతుందని నేను కనిపెట్టాను.

దీనికి ఒక కలం ఉంది కదా, మీ అక్క బొమ్మలు గీసేది. దానికి అయస్కాంతం. నేను బూట్లు విప్పుకునే లోపల అది లిఫ్టు తలుపుకు అతుక్కుని నన్ను వదిలేసి పైకి వెళ్ళిపోయింది. నేను మెట్లెక్కి వెతుక్కుంటూ పోతే ఆరో అంతస్తులో ఒక పెద్దావిడ దానితో వీపు గోక్కుంటోంది. అడిగి తీసుకున్నాను. కడిగాను. మళ్ళీ కడిగాను. అయినా ముట్టుకోబుద్ధి కావడం లేదు.

మీటలతో కొట్టమన్నావు. నా వేళ్ళు నువ్వు చూశావు. ఒక్కో వేలు రెండేసి మీటల మీద కూర్చుంటుంది. అవి మీ అక్క వేళ్ళకు చేసినవి. గొయ్యిలో మూత తెరిచి నిలబెట్టుకోవడానికి చోటెక్కడిది? పైగా మీటల సందుల్లో బిస్కట్టు పొడి. కాబట్టి తెర మీదే కొడుతూ వచ్చాను, నీ సలహా నువ్వు దాచుకో.

మాటల పీడ మరీ ఎక్కువైంది. "మోటారు" అనబోతే "మోకాలు జాగ్రత్త" అంటుంది. అది గమనించకుండా "మోకాలు గదిలో నూనె కారుతోంది" అని పంపేశాను. ఆఫీసరు మెమో ఇచ్చాడు, ఎవరి మోకాలు అని. "బ్రేకు" అనబోతే "బ్రేవుమని తేన్చకండి". "గొయ్యి" అనబోతే "గొడుగు పట్టుకెళ్ళండి", ఎండలు మండిపోతుంటే. "తలుపు" కొట్టబోతే "తల తుడుచుకోండి". నాలుగు రోజుల కింద సాయంత్రం టీ తాగుతూ, దీని పైత్యం ఎందాకా పోతుందో చూద్దామని "ఛీ" కొట్టాను. దానికి తయారుగా ఉన్న మాట చూడు. ఛీ మళ్ళీ అదే చొక్కానా. తాకాను. బయటికి వెళ్ళేముందు. తాకాను. అద్దం చూసుకోండి. చూసుకున్నాను. నిజంగా అదే చొక్కా. ఎంత అసహ్యం వేసిందో మాటల్లో చెప్పలేను. టీ చల్లారిపోయింది.

అసలు సంగతి ఇది. మొన్న గొయ్యిలోంచి ఎక్కుతుంటే చెయ్యి జారి పడింది. తెర పగల్లేదు గానీ ఒకవైపు మడతబందు ఊడింది. ఇప్పుడు వెనక్కి తిప్పినా ఇది పలకనని ఒప్పుకోవడం లేదు, ల్యాప్‌టాప్‌ననే అనుకుంటోంది. తెర మీద అక్షరాలు రావు. రిపోర్టులు మీటలతోనే ఒక్కో అక్షరం ఏరుకుంటూ కొడుతున్నాను. ఇలా అయితే నేను దీనితో వేగలేను మరదలా. ఈ ఊళ్ళో బాగుచేసేవాణ్ణి నమ్మను, వాడి గోళ్ళు చూశాను. మీ అక్క కొన్న దుకాణం మీ ఊళ్ళోనే కదా. పార్శిల్‌లో పంపుతున్నాను. బాగుచేయించి వెంటనే పంపు. వెంటనే. ఆలోగా రిపోర్టులు ఆఫీసు కంప్యూటర్లో కొడతానని ఆఫీసరును బతిమాలుకున్నాను.

నీ బావ


మార్చి 14
ఆసుపత్రి క్వార్టర్సు

బావా,

పార్శిల్ వచ్చింది. పెట్టె విప్పగానే కిటికీ తెరిచాను.

నేను రోజూ చూసేవి నీకు తెలుసు. చీము పట్టిన పాత్రలు కడిగినదాన్ని. అయినా చెబుతున్నాను, ఇంత రోత వస్తువు మా విభాగానికి ఇంతవరకు రాలేదు. తెర మీద గ్రీజు, గ్రీజు మీద బిస్కట్టు, బిస్కట్టు మీద ఏదో జిగురు. అడుగున ఆ గొయ్యి నీళ్ళ వాసన. మీటల సందుల్లోంచి పట్టకారుతో లాగితే చెత్త చెంచాడు వచ్చింది. ఒక పొడుగాటి వెంట్రుక కూడా వచ్చింది. అక్కదే. కాసేపు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. తరవాత పారేశాను. ఏం చేసుకోను?

బావా, నీ మీద నాకు చాలా కోపంగా ఉండేది. ఇవాళ చెప్పేస్తాను. అక్క పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే నువ్వు మంచం కింద దుమ్ము ఎంత పేరుకుందో చూపించావు. ఆసుపత్రి దుప్పటికి కంపు కొడుతోందని వార్డులో పోట్లాట పెట్టుకున్నావు. తరవాత రాసిన ఉత్తరాల్లో ఒక్క కన్నీటి చుక్క లేదు, అన్నీ ఉమ్ములూ తిట్లే. మా అక్క మాట ఎదురుపడితే ఈ మనిషికి అసహ్యం పుడుతోందా అనుకుని, నీ రెండో ఉత్తరం బల్ల మీదకు విసిరికొట్టాను.

కానీ ఆ ఉత్తరమే మళ్ళీ చదివితే, "నేను దీనితో వేగలేను" అన్నచోట ఆగిపోయాను. నువ్వు ఎప్పుడూ అలా అనవు. అప్పుడు అర్థమైంది. పుండు మీద ఎవరో రోజూ గోరు పెట్టి గీరుతున్నట్టు ఉందన్నమాట నీకు. పైకి చెప్పుకోలేక ఛీ ఛీ అంటున్నావు. పొమ్మనలేక పొగబెట్టినట్టు, ఆ మాటలు వద్దని నేరుగా అనలేక వంకలు పెడుతున్నావు. నాకు ముందే తట్టాల్సింది.

అందుకని పని పూర్తిగా చేయించాను. కొత్త మడతబందు వేయించాను. దుకాణం అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అక్క గీసిన బొమ్మలూ ఫోటోలూ కొలతల కాగితాలూ ఒక్కటి పోకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అది ఈ పార్శిల్‌లోనే ఉంది, జాగ్రత్త. తరవాత మొత్తం తుడిపించేశాను. రీసెట్ అంటారట. దుకాణంలోంచి కొని తెచ్చినరోజు ఎలా ఉందో అలా ఉంది లోపలా బయటా. స్పిరిట్టుతో నేనే తుడిచాను. మెరిసిపోతోంది.

ఇకమీదట అది నీకు మాట అందించదు బావా. హాయిగా నీ తాళ్ళ గురించీ మోటార్ల గురించీ రాసుకో.

మరదలు


మార్చి 21

మరదలికి,

పార్శిల్ అందింది. మడతబందు గట్టిగా ఉంది. తెర శుభ్రంగా ఉంది.

"తా" కొట్టాను. "తాడు" అని వచ్చింది.

ఇక్కడ పని అయిపోయింది. వేరే ఊరు వెళుతున్నాను. అడ్రసు తరవాత రాస్తాను.

బావ


మార్చి 27
ఆసుపత్రి క్వార్టర్సు

బావా,

అడ్రసు రాయకపోయినా పాత లాడ్జికే రాస్తున్నాను, మేనేజరు నీకు చేరవేస్తాడనే ఆశతో.

నీ చేత ఫిర్యాదు లేని ఉత్తరం రాయించిన ఘనత నాది. నాలుగు ముక్కలు, ఒక్క ఛీ లేదు. గోడకు అంటించుకోవాలనిపించింది. చూశావా, శుభ్రం చేస్తే తీరని రోగం లేదని నేను ఊరికే అనను. "తాడు" అని సరిగ్గా వచ్చిందన్నావు, చాలా సంతోషం. మెమోలు ఇక రావు.

ఈసారి సెలవు పెట్టి వస్తాను, నీ గది కూడా ఒక పట్టు పడతాను. మోకాలికి పూసుకునే మందు మా డాక్టరును అడిగి తెస్తాను. కొత్త అడ్రసు వెంటనే రాయి.

మరదలు


ఏప్రిల్ 15
ఆసుపత్రి క్వార్టర్సు

బావా,

నా ఉత్తరం తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. మీ ఆఫీసుకు ఫోన్ చేసి ఈ అడ్రసు సంపాదించాను. ఫోన్ ఎత్తిన మీ ఆఫీసరు ఒక మాట అన్నాడు. "మీ బావగారు మళ్ళీ కాగితం మీద రాసి పంపుతున్నారండీ. మేం తీసుకోవడం లేదు. చెబితే వినిపించుకోవడం లేదు. ఆ చిన్న కంప్యూటరు ఏమైందంటే సంచిలో ఉంది, పని చేయదు అంటున్నారు" అని. ఇలాగే సాగితే రిటైరయ్యేదాకా గోడౌన్‌లో కూర్చోబెడతారట.

పని చేయకపోవడమేమిటి, నా కళ్ళ ముందే చేసింది కదా అనుకున్నాను. మళ్ళీ ఏం పోయిందో చూద్దామని నీ ఉత్తరాలు మొదటి నుంచీ తీసి వరసగా చదివాను. మడతబందు గురించి వెతుకుతూ చదివాను బావా. నాకు కనిపించింది వేరు.

నువ్వు మీటలతో కొట్టలేదు. కొట్టగలవు, మడతబందు ఊడినప్పుడు కొట్టావు. కానీ మీటలతో కొడితే అక్క మాటలు రావు. అందుకే గొయ్యిలో కుళ్ళు నీళ్ళలో నిలబడి కూడా పలక చేసుకుని, జిడ్డు గాజు మీద కొట్టుకున్నావు. వేలు తాకితే ఇంకో మాట వస్తుందని తాకావు, టీ చల్లారేదాకా తాకుతూ కూర్చున్నావు. మడతబందు ఊడి ఆ మాటలు ఆగిపోయాయని "వేగలేను" అన్నావు. నేను దాన్ని తలకిందులుగా చదివాను. ఆ తెర కూడా అంత తలకిందులు కాదు.

అసహ్యం అని రాస్తే అసహ్యమనే అనుకున్నాను. మీ ఇద్దరి మధ్యా ఆ మాట ఎలా నడిచేదో పెళ్ళిపందిట్లో పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి చూసినదాన్ని. అక్క ఛీ అనని పూట నువ్వు అన్నం తినేవాడివి కాదు, ఒంట్లో బాగాలేదా అని అడిగేవాడివి. అన్నీ తెలిసి కూడా, చేతికి వచ్చింది కదా అని కడిగేశాను. నా చేతికి వచ్చిన వస్తువు శుభ్రమైతే తప్ప బయటికి పోదని గొప్పగా రాశాను కదా. ఆ వాక్యం చూస్తే ఇప్పుడు నాకే వాంతి వస్తోంది. దుకాణం అబ్బాయి దగ్గరికి పరిగెత్తాను. "తుడిచేసింది మళ్ళీ రాదండీ, ఫైళ్ళయితే తీశాం, నేర్చుకున్న మాటలు ఫైలు కాదు కదా" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

రెండు రోజులు ఏ పనీ సరిగ్గా చేయలేదు. ఒక ట్రే కత్తెరలు కడగకుండానే మూట కట్టబోతే పక్కమ్మాయి ఆపింది.

తరవాత ఒకటి తోచింది. పలక మరిచిపోయింది గానీ కాగితం మరిచిపోలేదు. నువ్వు తిడుతూ తిడుతూ అక్క మాటలన్నీ నాకు ఎత్తి రాశావు, ఒక్క అక్షరం తేడా లేకుండా. తాళం ఉంది. మోకాలు ఉంది. గొడుగూ, తల తుడుచుకోవడం, తేన్పు, చొక్కా, అద్దం, అన్నీ నీ చేతిరాతలో నా దగ్గర ఉన్నాయి. అవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఎత్తి రాసి ఇందులో పెట్టాను. అక్క నాకు పంపిన మెసేజీలు కొన్ని నా ఫోన్‌లో ఉన్నాయి, నీ గురించి నా దగ్గర చెప్పుకున్న చాడీలు. అవి కూడా రాశాను. "మీ బావ సాక్సులు కిటికీలోంచి పారేశాను, ఆయనకు చెప్పకు" అన్నది చదువు.

ఆ అబ్బాయిని అడిగాను. ఒకే మాట మళ్ళీ మళ్ళీ కొడుతుంటే పలక నేర్చుకుంటుందట. నేర్పు బావా. ఆమె దగ్గర ఒకసారి నేర్చుకున్న యంత్రమే కదా.

నన్ను తిట్టు. కానీ రాయి.

మరదలు


మే 6
గోడౌన్ వెనక గది

మరదలా,

తిట్టమన్నావు. తిడతాను, కాచుకో. నీ అంత శుభ్రమైన మనిషిని నేను పుట్టి చూడలేదు, చూడాలనీ లేదు. ఆ రోజు పెట్టె విప్పి మెరుస్తున్న గాజు చూస్తే నా గుండెల్లో రాయి పడింది. స్పిరిట్టు వాసన. ఆమెను పెట్టిన వార్డులో అదే వాసన. మూసి సంచిలో పడేశాను. నీకు రాస్తే నోటికి ఏమొస్తుందోనని రాయలేదు. మా వంశంలో ఎవరూ మరదల్ని అనకూడని మాట అనలేదు.

నీ కాగితం వచ్చాక కూడా దాన్ని బయటికి తీయలేదు. తరవాత సాక్సుల సంగతి చదివాను. అవి పక్కింటివాడు కాజేశాడని వాడితో గొడవపడి, నేను మా వీధిలోనే ఎవరితోనూ మాట్లాడటం మానేశాను. ఈ ఆడమనిషి ఎంత నంగనాచో చూడు. ఆ కోపంతో పలక తీశాను.

యంత్రమంత మొండి జంతువు ఇంకోటి లేదు. మూత వెనక్కి తిప్పాను, వేళ్ళ కింద పళ్ళు తగిలాయి, మామూలే. "తాళం వేశారా" అని కొట్టాను. మళ్ళీ కొట్టాను. పొద్దున కాఫీకి ముందు, తిన్నాక, గోడౌన్‌లో పాత లిఫ్టు తలుపుల మధ్య కూర్చుని. గోడౌన్ వాచ్‌మన్ నేనేదో జపం చేస్తున్నానని అనుకుంటున్నాడు. బిస్కట్టు తింటూ కొట్టాను, మళ్ళీ పొడి పడింది. అది మాత్రం "తాడు" అనే అంటుంది. మీ ఆవిరి పెట్టెలో పెట్టినా దీని బుద్ధి మారదనుకున్నాను. మోకాలు అంటే మోటారు. గొడుగు అంటే గొయ్యి. నాకు నా ఉద్యోగం అప్పచెబుతోంది. ఇంత నీచమైన వస్తువు అనుకుని రెండుసార్లు మంచం మీదకు విసిరాను. మంచం మీదకే, మడతబందు గుర్తుంది.

ఇన్నిసార్లు ఒకే ప్రశ్న కొడుతుంటే మనిషికి చిరాకు వస్తుందా రాదా? ఎవరైనా పక్కన కూర్చుని తాళం వేశారా, తాళం వేశారా అంటుంటే ఊరుకుంటామా? కాబట్టి ప్రతిసారీ దాని పక్కన జవాబు కూడా కొట్టి పడేశాను. విసుగుతో. ఆమె ఉన్నప్పుడు ఫోన్‌లో అంత జవాబు కొట్టే ఓపిక నాకెక్కడిది, ఊరి నుంచి ఇంటికి వచ్చాక ఎలాగూ చూసుకుంటుంది కదా అనుకునేవాణ్ణి.

ఇవాళ పొద్దున ఆఫీసరు కబురు పంపాడు, ఒక్క రిపోర్టు కంప్యూటర్లో పంపితే మళ్ళీ డ్యూటీకి పంపుతానని. సరే అని పలక ముందు పెట్టుకుని తాడు గురించి రాయబోయాను. "తా" కొట్టాను.

"తాళం" అని వచ్చింది.

తాకాను. "వేశారా" అని వచ్చింది.

అక్కడితో ఆగేది కదా ఇదివరకు. ప్రశ్న అడిగి నా మొహం చూస్తూ కూర్చునేది. ఇప్పుడు ఆగలేదు. నేను తాకకముందే పక్కన ఇంకో మాట వచ్చి నిలబడింది.

"వేశాను."

అది నా మాట మరదలా. మీ అక్క అడుగుతోంది, నేను చెబుతున్నాను, ఒకే తెర మీద, ఒకదాని పక్కన ఒకటి. చాలాసేపు తాకుతూ కూర్చున్నాను. కన్నీళ్ళు గాజు మీద పడి జిడ్డుతో కలిసి ఎంత రోతగా అయ్యిందో నువ్వు చూస్తే వాంతి చేసుకునేదానివి. రిపోర్టు పంపలేదు. రేపు పంపుతాను.

నీకు ఒకటే చెబుతున్నాను, బాగా గుర్తుపెట్టుకో. దీనికి మళ్ళీ ఎప్పుడు ఏ జబ్బు వచ్చినా నీ దగ్గరికే పంపుతాను, ఇంకెవరిని నమ్ముతాను. మడతబందు చూడు, లోపలి తీగలు చూడు, ఏం కావాలంటే అది చూడు. గుడ్డ మాత్రం ముట్టుకోకు.

సెలవు పెట్టి వస్తానన్నావు, రా. వచ్చేటప్పుడు మందు తీసుకురా, మోకాలు నొప్పిగా ఉంది. ఇంటికి తాళం వేసి రా.

నీ లిఫ్టు బావ